పంపు ఉండగా షుగర్ ఎందుకు పడింది: హాస్టల్లో ఉన్న మనవరాలికి

పంపు ఒంటి మీద ఉండగానే రాత్రి రెండింటికి షుగర్ 61కి పడితే యంత్రం చెడిపోయినట్టు కాదు. ఆటోమేటెడ్ ఇన్సులిన్ పంపు సెన్సర్ చూపే అంకెను బట్టి ఇన్సులిన్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది, అవసరమైతే ఆపేస్తుంది. చర్మం కిందికి ఒకసారి వెళ్లిన ఇన్సులిన్‌ను మాత్రం వెనక్కి లాగలేదు. వేగంగా పనిచేసే ఇన్సులిన్ అని పేరే గానీ, గంట, రెండు గంటలకు గానీ అది జోరు అందుకోదు. ప్రభావం మూడు నుంచి ఐదు గంటల దాకా సాగుతుంది. పన్నెండింటికి పంపు సరఫరా ఆపినా, పదకొండింటికి భోజనం కోసం వేసిన డోసు, అంటే బోలస్, తన పని తాను చేసుకుపోతుంది. యంత్రాన్ని తిట్టే ముందు ఆ రాత్రి భోజనం ఎప్పుడైందో, బోలస్ ఎప్పుడు నొక్కిందో మనవరాలు చూసుకోవాల్సింది.

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. బోలస్ మామూలుగా తినడానికి పది, పదిహేను నిమిషాల ముందు వేసుకోవాలి. మెస్‌లో కబుర్లలో పడి, అన్నం తిన్న ముప్పావు గంటకు గుర్తొచ్చి నొక్కితే లెక్క తప్పుతుంది. షుగర్ ఎక్కుతుండడం సెన్సర్‌లో చూసిన పంపు ఈలోగా తనంతట తానే ఇన్సులిన్ పెంచేసి ఉంటుంది. మినీమెడ్ 780జి వంటివైతే ఐదు నిమిషాలకోసారి దిద్దుబాటు డోసు ఇవ్వగలవు. దాని మీద మొత్తం భోజనానికి బోలస్ పడితే ఒకే అన్నానికి రెండుసార్లు ఇన్సులిన్ ఇచ్చినట్టే. అంత ఆలస్యమైనప్పుడు పూర్తి బోలస్ వేయకూడదు. ఎంత తగ్గించాలన్నది డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి.

సెన్సర్ కొలిచేది రక్తంలోని షుగర్‌ను కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని షుగర్‌ను. రక్తంలో వచ్చిన మార్పు అక్కడ కనిపించడానికి ఐదు, పది నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా మారుతుంటే తేడా ఇంకా పెరుగుతుంది. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకున్నా లేని ‘లో’ (షుగర్ పడిపోవడం) కనిపిస్తుంది. ఒంట్లో తెలుస్తున్నదానికీ అంకెకూ పొంతన లేకపోతే వేలి చుక్కతో స్ట్రిప్పు పరీక్షే ప్రమాణం. చెమట, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి మొదలై, గ్లూకోమీటర్ చేతికి అందకపోతే మాత్రం పరీక్ష కోసం ఆగకుండా ముందు చక్కెర తినాలి.

ఎంత తినాలన్న దగ్గర తాత అనుభవం కాస్త పొడుగ్గానే చెప్పుకోవాలి. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల చక్కెర తిని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవడం సూదుల కాలం నాటి నియమం. ఆటోమేటెడ్ పంపు షుగర్ 70కి దిగకముందే ఇన్సులిన్ తగ్గించి ఉంటుంది కాబట్టి చాలాసార్లు 5 నుంచి 10 గ్రాములు సరిపోతుంది. పెద్ద బోలస్ ఇంకా పనిచేస్తున్నా, ఆటలాడి వచ్చినా ఎక్కువే కావాలి. ఇది తెలియక పంపు పెట్టుకున్న మొదటి నెలలో తాత ఓ రాత్రి 64 చూసి వంటింటి మీద పడ్డాడు. నాలుగు చెంచాల పంచదార, రెండు అరటిపండ్లు, అప్పటికీ సెన్సర్ బాణం కిందికే చూస్తోందని ఒక సున్నుండ. మూడింటికి షుగర్ 270. దాన్ని దించడానికి పంపు తన పని తాను చేసింది. ఐదింటికి మళ్లీ 58. నానమ్మ తెల్లారేదాకా పక్కనే కూర్చుంది. ఆ రెండో లోకు బాధ్యత పూర్తిగా తాతదీ, సున్నుండదీ.

నెయ్యి, కొవ్వు ఉన్న తీపి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. అందుకే చాక్లెట్ కూడా లోకు మందు కాదు. మనవరాలి సంచీలో ఉన్నవన్నీ చాక్లెట్లే కావడం ఏం తెలివో! గ్లూకోజు పొడి గానీ, పంచదార గానీ తలగడ పక్కన ఉండాలి. కొలతగా నింపిన టీ చెంచాలో సుమారు 4 గ్రాముల చక్కెర పడుతుంది. తిన్నాక పదిహేను నిమిషాలు డబ్బా మూత తీయకుండా ఉండడమే అసలు కష్టం. ఆ చక్కెరను పంపులో పిండిపదార్థంగా నమోదు చేయకూడదు, చేస్తే దానికీ ఇన్సులిన్ ఇస్తుంది.

54 కన్నా తగ్గితే అది గట్టి లో. మాట తడబడి, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, షుగర్ పెంచే అత్యవసర మందు గ్లూకగాన్ ఉంటే ఇచ్చి, 108కి ఫోన్ చేయాలి. ఇది మనవరాలికి తెలిస్తే చాలదు, గదిలో ఉండే స్నేహితురాలికి తెలియాలి. పరీక్షలని అలారం నొక్కేసి పడుకోవడం మరీ తప్పు. సియాటిల్‌లో ఒంటరిగా ఉంటూ, అలారం మోగినా మెలకువ రాదేమోనన్న భయంతోనే టైప్ 1 డయాబెటిస్ ఉన్న డేనా లూయిస్ ఆ శబ్దాన్ని పెంచే దారి వెతికింది. ఆ ప్రయత్నమే పెరిగి, 2015లో ఎవరికి వారు కూర్చుకోగల ఆటోమేటెడ్ ఇన్సులిన్ వ్యవస్థగా, ఓపెన్‌ఏపీఎస్ పేరుతో అందరి ముందుకొచ్చింది. కంపెనీ తయారుచేసిన మొదటి హైబ్రిడ్ (భోజనం బోలస్ మాత్రం మనమే నొక్కాల్సిన) ఆటోమేటెడ్ పంపుకు అమెరికాలో అనుమతి వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

షటిల్ ఆడే రోజు గంట, రెండు గంటల ముందే పంపులో తాత్కాలిక షుగర్ లక్ష్యాన్ని 150కి మార్చుకోవాలి. కోర్టులోకి దిగాక మార్చితే అప్పటికే ఒంట్లో ఉన్న ఇన్సులిన్ ఎక్కడికీ పోదు.

లో భయంతో పంపును గంటల తరబడి విప్పి పెట్టడం ఇంకో ప్రమాదం. పంపులో ఉండేది వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. అది ఆగితే కొద్ది గంటల్లోనే రక్తంలో కీటోన్లనే ప్రమాదకర ఆమ్లాలు మొదలవుతాయి. కారణం లేకుండా షుగర్ 250 దాటి, దిద్దుబాటుకు లొంగకపోతే గొట్టం మడత పడిందో, రోహిణి కార్తె ఎండకు ఇన్సులిన్ పాడైందో అని అనుమానించాలి. కీటోన్లు చూసుకుని, డాక్టరు చెప్పిన డోసు పెన్నుతో వేసుకుని, పంపు గొట్టం సెట్టునూ ఇన్సులిన్‌నూ తీసేసి కొత్తవి పెట్టాలి. ఊరికి వచ్చేటప్పుడు ఆ పెన్ను హాస్టల్ ఫ్రిజ్‌లోనే మిగిలిపోతోంది; ఈసారి సంచీలోకి రావాలి.