పొగాకు మల్లె పోలికలు

పేరు మల్లెయే గాని యిది పొగాకు వేరును పట్టి సారమును పీల్చు పరాన్నజీవి. ఇది 'ఓరోబాంకి' అను ప్రజాతికి చెందినది. పప్పుజాతి పైరు గొంతు నులుమునదని గ్రీకు భాషలో ఆ పేరునకు అర్థము. ఆసియా, ఐరోపా, ఉత్తర ఆఫ్రికాలలో ఈ ప్రజాతి మొక్కలు విస్తరించియున్నవి.

దీనియం దెచ్చటను పచ్చదనము కానరాదు. లేత పసుపు కాండముపై ఆకులకు మారుగా పొలుసులుండును. కాండము మొదలు దుంపవలె ఉబ్బి పొగాకు వేరున కంటుకొనియుండును. పూలు కంకిగా పూయును. ఒక్కొక్కటి వంగిన గొట్టమువలె నుండి, ఊదారంగు కొన రెండు పెదవులుగా చీలియుండును. కేసరములు నాలుగు, రెండు పొడవు, రెండు పొట్టి. కాయ పగిలిన ముక్కుపొడి వంటి విత్తులు రాలును. ఒక్క మొక్కకే లక్షకు మించి యుండవచ్చును!

ఈ విత్తులు పదేండ్లకు మించియు భూమిలో చావక యుండగలవు. తగిన పైరు వేరునుండి ఊరు రసము తగిలిననే మొలచును. మొలక పైకి కనబడునప్పటికే అడుగున దోపిడి చాలవరకు జరిగియుండును. కావున పూతకు ముందే పెరికి కాల్చవలెను. గట్టున పారవేసిన మొక్కలు కూడ గింజ కట్టును. అట్టి చేలలో వంగ, టమాటా వేయరాదు, వానిని కూడ యిది పట్టును. పొగాకునకు ముందు పెసర, నువ్వు వేసినచో కొన్ని విత్తులు మొలచి, పట్టు దొరకక చచ్చును.