పై అంతస్తు గదిలో నిద్ర

తెనాలి

బుజ్జీ,

రాత్రి రెండింటికల్లా ఒళ్ళంతా చెమటతో తడిసి మెలకువ వస్తోందనీ, ఆపైన తెల్లారేదాకా కన్ను మూతపడట్లేదనీ మీ అమ్మ చెప్పింది. వేడి చేసిందనుకుని సబ్జా గింజలూ బార్లీ నీళ్ళూ తాగుతున్నావట. తాగు, మంచివే. కానీ నాన్నా, నువ్వుంటున్నది విజయవాడలో, అదీ డాబా మీద వేసిన సింగిల్ రూములో. ఆ వేడి నీ ఒంట్లో పుట్టింది కాదు, నీ నెత్తి మీదున్న శ్లాబుది. ముందు దాని సంగతి చూడు.

పగలంతా ఎండ తాగిన కాంక్రీటు పొద్దు గుంకగానే చల్లారదు. పొయ్యి ఆపాక కూడా పెనం కాలుతూనే ఉంటుంది కదా, శ్లాబు అంతకన్నా ఎంతో మందం. అర్ధరాత్రి దాటినా ఆ వేడిని గదిలోకి దింపుతూనే ఉంటుంది. ఇవాళ రాత్రి పదకొండింటికి ఫ్యాను ఆపి, స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించి చూడు. నీకే తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాను చేస్తున్న పనల్లా అక్కడ పేరుకున్న వేడిగాలిని నీ మీదికి తోయడం.

ఓనరు గారినడిగి నీ గది కప్పు మీద తెల్లసున్నం వేయించు. ముందు బాగా ఊడ్చి, కడిగి, ఆరనివ్వాలి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. జిగురు కలపకపోతే వానలకి తొందరగా కొట్టుకుపోతుంది. తెల్లటి కప్పు ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది, శ్లాబు తాగే వేడి తగ్గుతుంది. ఇది పెద్దవాళ్ళ చాదస్తమనుకోకు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

పడమటి కిటికీని పొద్దున తొమ్మిదింటికల్లా మూసి, బయటివైపు వెదురు తడక కట్టు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అద్దం దాటొచ్చిన ఎండ గదిలోనే ఉండిపోతుంది. బయట గాలి చల్లబడ్డాక రెండు కిటికీలూ తీసి, టేబుల్ ఫ్యాను ఒక కిటికీ దగ్గర లోపలివైపు తిప్పి పెట్టు. ఒకవైపు నుంచి వచ్చిన గాలి రెండోవైపు నుంచి పోవాలి. దోమల భయమైతే కిటికీలకే మెష్ కొట్టించుకో, మంచానికి దోమతెర కడితే ఆ వచ్చే గాలి బాగా తగ్గిపోతుంది.

ఇంతకీ మెలకువ ఎందుకొస్తోందో చెప్తాను. నిద్రపట్టేముందు మన ఒంటి లోపలి వేడి మెల్లగా దిగాలి. రాత్రి గడిచేకొద్దీ సుమారు ఒక డిగ్రీ తగ్గి, తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువకి చేరుతుంది. ఆ వేడిని శరీరం ముఖ్యంగా అరచేతుల్లోంచీ అరికాళ్ళలోంచీ బయటికి పంపుతుంది. చుట్టూ గాలి వేడిగా ఉంటే పంపేందుకు దారి లేక చెమట పోస్తుంది. మనల్ని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, అది ఆరడం. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఆరదు. పైగా కలలొచ్చే నిద్రలో వేడిని సర్దుకునే శక్తి శరీరానికి బాగా తగ్గిపోతుంది, ఆ నిద్ర రాత్రి రెండో సగంలోనే ఎక్కువ.

అనంతపురంలో మీ మామయ్య ఇంట్లో చూసొచ్చి కూలర్ కొందామనుకుంటున్నావట. అక్కడి పొడి గాలికది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీ గదిలో ఉక్కపోతకి ఇంకాస్త తేమ కలుపుతుంది, అంతే. డబ్బులు పారెయ్యకు.

నీ స్నేహితుడిచ్చిన ఫోమ్ పరుపు నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఒంటి కింద దిగబడి వీపుకి గాలి తగలనివ్వదు. దాన్ని చుట్టి పక్కన పెట్టి నవారు మంచం తెచ్చుకో, మీదొక పల్చటి నేత దుప్పటి చాలు. నవారు సందుల్లోంచి కింద గాలి ఆడుతుంది. పాలిస్టర్ షార్ట్స్ మానేసి లుంగీ కట్టుకో.

పడుకునే ముందు చన్నీళ్ళు గుమ్మరించుకుంటావని తెలుసు. మరీ చల్లటి నీళ్ళకి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది. పడుకోవడానికి గంట ముందే గోరువెచ్చని నీళ్ళు పోసుకో, ఒళ్ళు పూర్తిగా తుడవకుండా ఫ్యాను కింద కూర్చో. భోజనం ఎనిమిదింటికల్లా ముగించు. పదకొండింటికి బిర్యానీ తింటే అది అరిగేందుకు పుట్టే వేడీ నువ్వే మోయాలి. శనివారాల బీరు సంగతి మీ అమ్మకి చెప్పను గానీ, అది తాగిన రాత్రి చెమటలు ఎక్కువ, నిద్ర తక్కువ. నువ్వే గమనించు.

ఏసీ కొనేట్టయితే సున్నం వేయించాకే కొను. ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను చిన్నగా తిప్పితే సుఖంగా పడుకోవచ్చు, పద్దెనిమిదిలో పెట్టి రగ్గు కప్పుకునేవాళ్ళని చూసి నేర్చుకోకు.

ఇక అసలు మాట. గది చల్లబడ్డాక కూడా రాత్రి చెమటలు ఆగకపోతే అది ఎండది కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వారాల తరబడి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. గుండె దడ, చేతుల వణుకు ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. దిగులుకి వాడే కొన్ని మాత్రలు కూడా రాత్రి చెమటలు పట్టిస్తాయి. నువ్వేమైనా వాడుతుంటే దాచకుండా డాక్టరుకి చెప్పు, నీ అంతట నువ్వే ఆపెయ్యకు.

సున్నం పని ఈ ఆదివారమే పెట్టుకో. ఓనరు గారు ఒప్పుకోకపోతే ఆవిడ నంబరు నాకు పంపు, నేను మాట్లాడతాను. ఖర్చు నేనిస్తాను.

మీ పెద్దమ్మ