పులికాట్ బాటపై రాజహంసలు

నీరక్షీర న్యాయాన్ని తరగతిలో ఎన్నిసార్లు బోధించామో లెక్క లేదు. హంస నీటి నుండి పాలను వేరుచేస్తుందని చెబుతాము. ఆ హంసను చూచినవారు మాలో ఒక్కరూ లేరు. ఆ కొరత తీర్చుకొనుటకే కాబోలు, ఒక శీతకాలపు ఉదయాన విద్యార్థులతో సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే బాట పట్టాము. చిలిక తరువాత మన దేశంలో పెద్దదైన ఉప్పునీటి సరస్సు పులికాట్. ఈ బాట దానిని చీల్చుకొని పోతుంది. ఇరువైపులా లోతు తక్కువ నీరే.

బండి దిగితే పక్షులు బెదరుతాయి గనుక కిటికీల నుండే చూడమన్నాము. కొంత దూరాన గులాబి వన్నె బారు కనిపించింది. మనవారు రాజహంస అని పిలిచే ఈ ఫ్లెమింగో, కావ్యాలలోని హంస కాదు. అయినను దాని పని చూడదగినది. పొడవాటి మెడ వంచి, ముక్కును తలక్రిందులుగా నీట ముంచి నడుస్తుంది. నాలుక ఆడిస్తూ నీటిని లోనికి పీల్చి వెలికి నెట్టుతుంది. ముక్కు అంచులందలి జల్లెడ వంటి పొరలలో నాచు, చిన్న రొయ్యజాతి జీవులు చిక్కుకొంటాయి. ఆ గులాబి వన్నె కూడా ఈ ఆహారం పెట్టినదే. పిల్లలు బూడిద వన్నెతో ఉంటాయి.

“అయితే సార్, పాలు కాదు, నాచా?” అన్నాడొక విద్యార్థి.

ఔనన్నాము. కవిసమయాన్ని ప్రకృతి సత్యంగా వ్రాసిన జవాబు పత్రాలకు ఇంతకాలం మార్కులు వేసినది మేమే.