ఒకే నియమం, ఎన్నో యంత్ర భాషలు

బడులకు, హాస్టళ్లకు, ఆస్పత్రులకు దాతలు కంప్యూటర్లు ఇస్తుంటారు. వాటితో పాటు రౌటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు కూడా ఏడాదికొకటి చొప్పున చేరుతుంటాయి. ఒకరు ఇచ్చింది ఒక కంపెనీది, మరొకరు ఇచ్చింది ఇంకో కంపెనీది. ఇచ్చిన మనసు ఒకటే అయినా యంత్రాల భాష ఒకటి కాదు. ఈ తేడాను ఎలా దాటుతారో, అందులో మనిషి జాగ్రత్త ఎక్కడ అవసరమో దాతలకు ఒక చిన్న పాఠంగా చెప్పదలిచాం.

భద్రతా నియమం అంటే

ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్ గేటు దగ్గరి కాపలాదారు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో అతని చేతిలోని జాబితా చెబుతుంది. ఒక బడి ఆఫీసు కంప్యూటర్‌లో స్కాలర్‌షిప్ పొందే పిల్లల పేర్లు, వారి కుటుంబాల ఆదాయం, ఫోన్ నంబర్లు ఉన్నాయనుకోండి. 'ల్యాబ్ కంప్యూటర్ల నుంచి ఈ కంప్యూటర్‌కు దారి ఉండకూడదు' అనేది ఒక భద్రతా నియమం. సాయం పొందిన కుటుంబం పేరు నలుగురి నోట పడకూడదని దాతలూ కోరుకుంటారు. ఆ గుట్టును కాపాడేది ఈ ఒక్క వాక్యమే.

కాపలాదారు జాబితాను పైనుంచి కిందికి చదువుతాడు. మొదట సరిపోయిన వాక్యం దగ్గరే ఆగిపోతాడు. 'అందరినీ రానివ్వు' అన్నది పైన, 'ల్యాబ్‌ను ఆపు' అన్నది కింద ఉంటే, రెండోది ఉన్నా లేనట్టే.

చిక్కు ఎక్కడ?

హెడ్‌మాస్టరు ఒక సర్క్యులర్ పంపితే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మీడియం సెక్షన్లలో ఎవరి భాషలో వారికి చదివి వినిపిస్తాం. ఒక్క మాట మారినా ఒక సెక్షన్ పిల్లలు తొమ్మిదింటికి, మరో సెక్షన్ పిల్లలు పదింటికి పరీక్షకు వస్తారు. నెట్‌వర్క్‌లో జరిగేదీ ఇదే.

సిస్కో రౌటర్ 'పర్మిట్', 'డినై' అంటుంది. జూనిపర్ 'యాక్సెప్ట్', 'డిస్కార్డ్' అంటుంది. పాలో ఆల్టో ఫైర్‌వాల్‌లో ముందు జోన్‌లు ఏర్పరచి, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు దారి ఉందో చెప్పాలి. 256 అడ్రసులున్న ల్యాబ్‌ను జూనిపర్‌లో /24 అని రాస్తే, సిస్కో రౌటర్ జాబితాలో 0.0.0.255 అని తిరగేసి రాయాలి. అదే కంపెనీ ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో మళ్లీ 255.255.255.0 అని రాయాలి. ఇన్ని రకాలుగా చేత్తో రాసేవారు ఎక్కడో ఒకచోట పొరపడటం సహజం.

ఇందులో అసలు ప్రమాదం ఒకటుంది. గేటు పొరపాటున మూసుకుపోతే అరగంటలో ఫిర్యాదు వస్తుంది. పొరపాటున తెరుచుకుంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు.

ఆటోమేషన్ చేసే పని

దీనికి పరిష్కారం, నియమాన్ని ఏ కంపెనీకీ చెందని రూపంలో ఒకే చోట రాసుకోవడం. గూగుల్‌లో తయారై అందరికీ ఉచితంగా దొరుకుతున్న కాపిర్కా అనే సాధనం ఇలాగే పనిచేస్తుంది. 'ల్యాబ్' అంటే ఏ అడ్రసులు, 'ఆఫీసు' అంటే ఏ అడ్రసులు అన్నది ఒక ఫైలులో ఉంటుంది. నియమం మరో ఫైలులో ఉంటుంది. ఆ రెండింటి నుంచి సిస్కోకు, జూనిపర్‌కు, పాలో ఆల్టోకు ఎవరి భాషలో వారికి జాబితా తయారవుతుంది. ల్యాబ్ పెరిగితే పేర్ల ఫైలులో ఒక్క వరుస చేర్చి, జాబితాలన్నీ మళ్లీ తయారు చేయించవచ్చు.

తయారైన జాబితాలను యంత్రాలకు చేర్చడానికి 2012లో వచ్చిన ఆన్సిబుల్ వంటి సాధనాలున్నాయి. యంత్రాలతో మాట్లాడే తీరు అన్ని కంపెనీలకూ ఒకటిగా ఉండాలని 2006లో నెట్‌కాన్ఫ్ అనే ప్రమాణం వచ్చింది. ఇలాంటి అనుమతి జాబితాలకు ఉమ్మడి నమూనా 2019లో వెలువడింది.

తప్పు కూడా అంతే వేగం

2021 అక్టోబర్ 4 రాత్రి మన ఫోన్లలో వాట్సాప్ ఆగిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్ సంస్థ తానే కారణం చెప్పింది. రోజువారీ నిర్వహణలో ఇచ్చిన ఒక ఆదేశం వారి డేటా కేంద్రాలను కలిపే లింకులన్నింటినీ తెంచేసింది. దాన్ని అడ్డుకోవలసిన తనిఖీ సాధనంలోనే లోపం ఉండటంతో ఆదేశం ఆగలేదు. సేవలు దాదాపు ఆరు గంటలు నిలిచిపోయాయి. అది ఫైర్‌వాల్ నియమం కాకపోయినా పాఠం మాత్రం మనకూ వర్తిస్తుంది. చేత్తో చేసిన తప్పు ఒక యంత్రంలో ఉంటుంది, ఆటోమేషన్‌తో చేసిన తప్పు అన్నింటికీ పాకుతుంది.

అందుకే మూడు జాగ్రత్తలు. ఒకటి, ఒకరు రాసిన నియమాన్ని మరొకరు చదివిన తర్వాతే పంపాలి. రెండు, బ్యాట్‌ఫిష్ వంటి ఉచిత సాధనంతో, యంత్రాన్ని ముట్టుకోకుండానే 'ల్యాబ్ నుంచి ఆఫీసుకు దారి ఉందా?' అని ముందే పరీక్షించాలి. మూడు, వెనక్కి వచ్చే దారి ఉంచుకోవాలి. జూనిపర్‌లో 'కమిట్ కన్‌ఫర్మ్‌డ్' అని ఆదేశిస్తే, వేరే గడువు చెప్పనప్పుడు 10 నిమిషాల్లో మనం మళ్లీ ఖాయం చేయకపోతే పాత అమరిక తానుగా తిరిగి వస్తుంది.

పునశ్చరణ

పాఠం చివర ప్రశ్నలు అడగడం మా అలవాటు. ఏ సంస్థకైనా నెట్‌వర్క్ పరికరం ఇచ్చే ముందు దాతలు ఈ నాలుగూ అడగండి. ఎవరికి ఎక్కడికి దారి ఉందో మామూలు తెలుగులో ఒక కాగితం మీద రాసి ఉందా? పాత అమరిక కాపీ భద్రంగా ఉందా? మార్పును రెండో మనిషి చదువుతున్నారా? ఆ పని నేర్చిన యువకుడో యువతో అక్కడ ఉన్నారా?

మొదటి ప్రశ్నకే జవాబు లేకపోతే ఏ ఆటోమేషన్ కూడా ఆదుకోలేదు. మనం రాయని నియమాన్ని యంత్రం అనువదించలేదు. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే, ఈసారి పెట్టె కొనే డబ్బులో కొంత ఆ చదువుకు కేటాయించండి. పెట్టె కొన్నేళ్లకు పాతబడుతుంది. పని నేర్చిన బిడ్డ తర్వాత వచ్చే పెట్టెలను కూడా చూసుకుంటుంది.