వలస వెళ్లిన సంఘానికి ఫోన్‌లో వేదాంతం

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. వేరుశనగ పంట దెబ్బతిన్న ఏడాది మా సంఘంలో సగంమంది బెంగళూరు పనులకు వెళ్లిపోతారు. వాళ్లకు వేదాంత పాఠాలు చెబుదామని జూమ్ పెడితే నలుగురే వచ్చారు. ఏం చేయాలి?
– ఒక సండేస్కూల్ టీచరు

జవాబు: జూమ్ మానేయండమ్మా. పొద్దుగూకేదాకా సిమెంటు మోసినవాళ్లు మీరు పెట్టిన టైముకు కూర్చోలేరు. ఏడెనిమిది నిమిషాల ఆడియో వాట్సాప్‌లో పంపండి. చదువు రానివాళ్లూ వింటారు.

అయితే వింటే సరిపోదు. పాఠాన్నే విద్యార్థి ఇంటికి పంపి, అప్పుడప్పుడు గురువుతో కూర్చోబెట్టే పద్ధతి 1963లో గ్వాటెమాలాలో మొదలైంది. మన దేశంలో బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ సంస్థ 1971లో ఇదే దారి పట్టింది. దాని బలమంతా కలిసి చర్చించడంలోనే ఉంది. కాబట్టి ఆదివారం రాత్రి అరగంట కాల్ పెట్టి, మీరు తక్కువ మాట్లాడండి.

ఇక పాఠాల్లో ఏం చెప్పాలంటే, నైసియా విశ్వాస ప్రమాణం (క్రీ.శ. 325) తర్వాత చూద్దాం. ముందు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు తీసుకోండి. చాలామందికి నోటికొచ్చినవే కదా! క్రీస్తు ఎవరు, క్షమాపణ ఎలా దొరుకుతుంది అన్నవాటికి కవి ఏం చెబుతున్నాడో వాళ్లనే విప్పమనండి. నా లెక్కలో అనువాద పుస్తకాలకంటే ఇదే నయం.

వాన రాకపోవడం దేవుడి శిక్షేనా అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అవునని తేల్చేయకండి, యోబు గ్రంథం తెరవండి, నాలుగు వారాలు పట్టినా సరే.

సర్టిఫికెట్ కావాలన్నవాళ్లకు సెరంపూర్ సెనేట్ వారి దూరవిద్య కోర్సులున్నాయి. మీ పాస్టరుగారిని అడగండి.