ఆటలో గురువు, ఆటలో శిష్యుడు : ఒక సాహిత్య పరిశీలన

గురువు, శిష్యుడు అనే మాటలను మనం ఎంత భక్తితో పలుకుతామో అంత చనువుతోనూ పలుకుతాము. బెజవాడ బస్టాండులో ఇద్దరు యువకులు ఎదురుపడితే ఒకరు "ఏం గురూ" అంటారు, రెండవవారు "చెప్పండి గురువుగారూ" అని బదులిస్తారు. అక్కడ విద్య లేదు, దీక్ష లేదు, దక్షిణ అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక ముచ్చట. అదే ఊరి ఆటోనగర్ షెడ్డులలో పని నేర్పేవాడు 'మేస్త్రీ'. ఆ మాట పోర్చుగీసు వారి నుండి మనకు వచ్చింది. కుస్తీ నేర్పే తాలింఖానాలో ఆయనే 'ఉస్తాదు'. ఇది పారసీకం నుండి వచ్చింది. ఈ మాటలన్నీ నిజమైన అధికారాన్ని సూచించేవే. అయినా వీటన్నిటినీ జనం పరాచికానికి వాడుకుంటూనే ఉన్నారు.

గురుశిష్య సంబంధాన్ని ఆటగా ఆడుకోవడం మనుషులకు ఎందుకింత ఇష్టం? ఆ ఆట వల్ల ఎవరికైనా విద్య అబ్బుతుందా, లేక విద్య అబ్బినట్టు భ్రమ మాత్రమే కలుగుతుందా? తెలుగు, ఉర్దూ సాహిత్యాలనుండి కొన్ని ఉదాహరణలు తీసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. నవ్వుకోసం కల్పించిన గురుకులం

ముందుగా గుర్తుకు వచ్చేది పరమానందయ్య శిష్యుల కథలు. సూది ఒకటి తెమ్మంటే, ఆ సేవాభాగ్యం అందరికీ దక్కాలని దానిని తాటిదూలానికి గుచ్చి అందరూ కలిసి మోసుకువచ్చిన శిష్యులు వారు. నది దాటిన తరువాత తలలు లెక్కపెట్టుకుంటూ, ఎవడికి వాడు తనను తాను వదిలిపెట్టి, ఒకడు మునిగిపోయాడని ఏడ్చినవారు కూడా వారే. ఇటువంటి కథలే తమిళనాట పరమార్థ గురువు పేర వ్యాపించాయి. ఇటలీ దేశం నుండి వచ్చి వీరమామునివర్ అని పేరొందిన బెస్కీ పండితుడు 18వ శతాబ్దంలో వాటిని తమిళ వచనంలో రచించాడు. తెలుగులో ఈ శిష్యుల పేర 1950లో ఒక చలనచిత్రం, 1966లో మరొకటి వచ్చాయి.

ఈ కథలలో హాస్యం కేవలం మూర్ఖత్వంలో లేదు. శిష్యులు గురువు మాటను అక్షరాలా పాటిస్తారు. వారి విధేయతకు వంక పెట్టడానికి వీలులేదు. లోపించినది వివేకం ఒక్కటే. వివేకం లేని విధేయత ఎక్కడికి చేరుతుందో జానపదులు నవ్వుతూ చెప్పారు. గురుభక్తిని అంత గొప్పగా కీర్తించిన సమాజమే ఈ కథలను కూడా పిల్లలకు చెప్పుకున్నదంటే, ఆ భక్తికి హద్దు ఎక్కడో ఆ సమాజానికి తెలుసునన్న మాట.

2. నాటకంలో నాటకం

తెలుగులో ఈ ఆటకు సాటిలేని చిత్రణ గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన ఈ నాటకంలో గిరీశం గురువు, వెంకటేశం శిష్యుడు. విజయనగరంలో అప్పులవాళ్ల బెడద తప్పించుకోవడానికి గిరీశం సెలవులలో చదువు చెప్పే నెపంతో శిష్యుడి వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరుతాడు. పరీక్ష తప్పిన వెంకటేశానికి కూడా తండ్రి కోపం నుండి కాపాడే మనిషి కావాలి. ఒకరికి ఒకరు అవసరమయ్యారు. చదువు మాత్రం ఇద్దరికీ అవసరం లేకపోయింది.

అగ్నిహోత్రావధానులు ముందు వారిద్దరూ ఇంగ్లీషులో సంభాషించే ఘట్టం చూడండి. అది చదువు కాదు, చదువు అభినయం. ఆ భాష రాని తండ్రికి అది పాండిత్యంగా తోస్తుంది. ప్రేక్షకుడికి నవ్వు వస్తుంది. కానీ నవ్వు ఆగిన తరువాత మనకు కొంచెం దిగులు కూడా కలగాలి. ఎందుకంటే గురువు వల్ల వెంకటేశానికి అబ్బినది చుట్ట కాల్చడం, కోతలు కోయడం. గిరీశం తప్పు దిద్దడు. దిద్దితే శిష్యుడు దూరమవుతాడు, శిష్యుడు దూరమైతే బస పోతుంది. శిష్యుణ్ణి ఎప్పుడూ మెచ్చుకునే గురువుకు తనదైన అక్కర ఒకటి ఉంటుందని గురజాడ వారు మనకు చూపించారు.

3. కల్పించుకున్న గురువు

గురువు లేకుండానే గురువును కల్పించుకోవడం ఈ ఆటలో మరొక రకం. మహాభారతం ఆదిపర్వంలోని ఏకలవ్యుడు ద్రోణుని మట్టిబొమ్మ ముందు నిలిచి విలువిద్య సాధించాడు. బొమ్మ పాఠం చెప్పలేదు. గురి తప్పిన బాణమే అతనికి తప్పు చూపించింది. అతని గురువు ఊహలోనివాడు, సాధన మాత్రం నిజమైనది. దక్షిణ కూడా నిజమైనదే కావడం ఆ కథలోని విషాదం.

ఉర్దూ సాహిత్యంలో ఇందుకు దీటైన ఉదాహరణ మిర్జా గాలిబ్ (1797–1869). ఉర్దూ కవిలోకంలో ఉస్తాద్–షాగిర్ద్ సంప్రదాయం చాలా బలమైనది. యువకవి తన గజల్‌ను ఒక పెద్ద కవికి చూపించి దిద్దించుకోవాలి. ఈ దిద్దుబాటుకు 'ఇస్లాహ్' అని పేరు. ఉస్తాదు లేనివాడిని సాటి కవులు లెక్కచేసేవారు కాదు. చక్రవర్తి బహదూర్ షా జఫర్ అంతటివాడు కూడా జౌక్‌కు షాగిర్దు. 1854లో జౌక్ మరణించిన తరువాత గాలిబ్ ఆ స్థానంలోకి వచ్చాడు.

ఇంతకూ గాలిబ్‌కు ఉస్తాదు ఎవరు? అబ్దుస్సమద్ అనే ఇరాన్ పండితుడు తన చిన్ననాట ఆగ్రాలో రెండేళ్లు తమ ఇంట ఉండి పారసీకం నేర్పాడని ఆయన చెప్పుకున్నాడు. అయితే ఆయన శిష్యుడైన హాలీ 1897లో ప్రకటించిన 'యాద్‌గారె గాలిబ్'లో ఒక చిత్రమైన సంగతి వ్రాశాడు. అబ్దుస్సమద్ కేవలం కల్పితమైన పేరనీ, జనం తనను ఉస్తాదు లేనివాడని అంటుంటే వారి నోరు మూయించడానికి ఒక ఉస్తాదును సృష్టించాననీ గాలిబ్ అప్పుడప్పుడు అనేవాడట. అటువంటి వ్యక్తి నిజంగా ఉన్నాడనే హాలీ నమ్మాడు. తరువాతి పరిశోధకులలో ఖాజీ అబ్దుల్ వదూద్ అది కల్పన అన్నారు, మాలిక్ రామ్ కాదన్నారు.

వాదం ఎటు తేలినా, గాలిబ్ పారసీక జ్ఞానం కల్పితం కాదన్నది నిశ్చయం. గిరీశానికీ గాలిబ్‌కూ తేడా ఇక్కడే తెలుస్తుంది. గిరీశం లేని విద్యకు వేషం కట్టాడు. గాలిబ్, హాలీ విన్న మాటే నిజమైతే, ఉన్న విద్యకు లోకం అడిగిన వేషం కట్టాడు. దాశరథి కృష్ణమాచార్యులవారి 'గాలిబ్ గీతాలు' ద్వారా ఆ మహాకవిని తెలుసుకున్న మన విద్యార్థులు ఈ కొంటెతనాన్ని కూడా గుర్తుంచుకోవడం మంచిది.

4. తపాలాలో నడిచిన శిష్యరికం

గురువూ శిష్యుడూ ఒకే చోట ఉండాలన్న నియమం కూడా లేదు. గాలిబ్ తన ప్రియశిష్యుడు హర్‌గోపాల్ 'తఫ్తా'కు వ్రాసిన ఉత్తరాలు ప్రసిద్ధమైనవి. శిష్యుణ్ణి ఆయన ముద్దుగా 'మిర్జా తఫ్తా' అని పిలిచేవాడు. ఒక హిందూ షాగిర్దును తన సొంత బిరుదుతో పిలవడంలో ఎంత ఆప్యాయత ఉందో గమనించండి. అది పరిహాసం కూడా, పట్టాభిషేకం కూడా. ఆ ఉత్తరాలలో వేళాకోళం ఉంది, విసుగు ఉంది, వాటితోపాటు పద్యం పద్యానికీ సవరణ ఉంది.

జౌక్ శిష్యుడైన దాగ్ దెహల్వీ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాదై, 1905లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. ఆయనకు దూరప్రాంతాల నుండి షాగిర్దులు గజళ్లను తపాలాలో పంపేవారు. సియాల్‌కోటలో చదువుకుంటున్న ఇక్బాల్ వారిలో ఒకడు. కొంతకాలం దిద్దిన తరువాత, ఇక ఈ కవితలో దిద్దవలసినది అంతగా లేదని దాగ్ తెలియజేశాడు. శిష్యుణ్ణి కట్టి ఉంచకుండా సెలవిచ్చిన ఆ గురువు పెద్దమనసును ఇక్బాల్ జీవితాంతం గౌరవించాడు.

5. మాంత్రికుని శిష్యరికం నుండి నక్షత్రలోకం దాకా

చలనచిత్రం వచ్చిన తరువాత ఈ ఆటకు కొత్త వేషాలు దొరికాయి. 1951లో విడుదలైన 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావుగారు ధరించిన నేపాళ మాంత్రికునికి సదాజపుడనే శిష్యుడు ఉన్నాడు. కానీ ఆయన కన్ను తోటరాముడనే సాహసి మీద పడింది. వానిని ఊరించి, నడిపించి, చివరకు దేవతకు బలి ఇచ్చి వరం పొందాలన్నది పథకం. మోసం తెలుసుకున్న రాముడు ఆ మాంత్రికునే బలి ఇస్తాడు. పింగళి నాగేంద్రరావుగారి సంభాషణలలోని 'డింభకా' అన్న పిలుపు తెలుగునాట పిల్లల నోట ఆటమాట అయింది. ఒకడు గడ్డం తడుముకొని మాంత్రికుడవుతాడు, మరొకడు డింభకుడవుతాడు. మరునాడు వేషాలు తారుమారు.

ఇదే ఆట మరొక దేశంలో 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంతో పుట్టింది. జార్జ్ లూకాస్ నిర్మించిన ఆ నక్షత్రలోకపు కథలో జెడాయ్ అనే వీరులు గురుశిష్య పరంపరగా విద్య నేర్చుకుంటారు. 1980లో వచ్చిన రెండవ చిత్రంలో యోడా అనే మరుగుజ్జు వృద్ధుడు మొదట పిచ్చివానిలా అల్లరి చేసి శిష్యుని ఓర్పును పరీక్షిస్తాడు. ఆ పరీక్షలో శిష్యుడు తప్పుతాడు. ఆ కథలోని దుష్టపక్షంలో మాత్రం ఒక్క గురువు, ఒక్క శిష్యుడే ఉండాలి. శిష్యుడు ఏనాడో గురువును కూలదోయాలి. నేపాళ మాంత్రికుని శిష్యరికానికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ కథల అభిమానులు, ఒకరి ముఖం ఒకరు ఎరగనివారు కూడా, కంప్యూటర్ల ద్వారా కలుసుకొని ఒకరు గురువుగా మరొకరు శిష్యుడిగా పేర్లు పెట్టుకొని, ఆ పాత్రల భాషలోనే మాట్లాడుకుంటూ కథలు అల్లుకుంటారు. ఈ సరదా ఎంత దూరం పోయిందంటే, 2001లో ఇంగ్లండు, వేల్సు జనాభా లెక్కలలో సుమారు 3 లక్షల 90 వేల మంది మతం అన్న చోట 'జెడాయ్' అని వ్రాశారు. అందులో ఎక్కువ భాగం పరిహాసమే కావచ్చు. కానీ గురువు కావాలన్న కోరిక, శిష్యుడనిపించుకోవాలన్న కోరిక యంత్రయుగంలో కూడా చావలేదని ఈ ఆట చెబుతున్నది.

6. ఆట ఎప్పుడు విద్య అవుతుంది?

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు లక్షణాలు తేలుతున్నాయి.

మొదటిది దిద్దుబాటు. తఫ్తాకు, ఇక్బాల్‌కు అది దొరికింది, వెంకటేశానికి దొరకలేదు. నక్షత్రలోకపు వేషం కట్టిన ఇద్దరు మిత్రులలో ఒకరు రెండవవారి వాక్యాన్ని సవరిస్తే, ఆ ఆటలోనూ కొంత విద్య ఉన్నట్టే. ఒకరినొకరు పొగుడుకోవడమే అయితే అది కాలక్షేపం.

రెండవది సెలవు. ఆటలో వేషం తీసివేయవచ్చు, పాత్రలు మార్చుకోవచ్చు. దాగ్ తన శిష్యునికి సెలవిచ్చాడు. మాంత్రికుడు ఇవ్వదలచలేదు. శిష్యుడు బయటికి పోయే తలుపు మూసినచోట గురుత్వం లేదు, ఆట కూడా లేదు.

మూడవది పని. గురుశిష్యులిద్దరికీ పైన ఒక పని ఉండాలి. దాని ముందు ఇద్దరూ సమానంగా తలవంచాలి. మన మంగళగిరి చేనేత ఇళ్లనే చూడండి. గుంటమగ్గం పక్కన కూర్చున్న పిల్లవాడు మొదట కండెలు చుట్టడం ఆటగానే మొదలుపెడతాడు. రాట్నం తిరగడం వానికి వేడుక. క్రమంగా ఆసు పోయడం, అచ్చు అతకడం చూసి, ఒకనాడు మగ్గంలో దిగి నాడె విసురుతాడు. ఆట ఏ రోజున పని అయిందో తండ్రీ చెప్పలేడు, కొడుకూ చెప్పలేడు. కానీ పడుగులో పోగు తెగితే అది ఇద్దరికీ కనబడుతుంది. తెగిన పోగు ముందు ఎవరి కోతలూ సాగవు. గజల్‌కు ఛందస్సు, విలువిద్యకు లక్ష్యం, నేతకు పోగు. ఈ మూడూ మనిషికి లొంగని సాక్షులు. అటువంటి సాక్షి లేని గురుకులంలోనే గిరీశాలు వర్ధిల్లుతారు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద నడుస్తున్నాయి. అది మనకు గొప్ప అవకాశం. ఉర్దూ వచ్చినవాడు తెలుగు మిత్రునికి ఒక రోజు ఉస్తాదు కావచ్చు. మరునాడు తెలుగు వచ్చినవాడు ఉర్దూ మిత్రునికి గురువు కావచ్చు. 'ఉస్తాద్' అని ఒకరు, 'గురూ' అని మరొకరు నవ్వుతూనే పిలుచుకోండి, తప్పులేదు. అయితే ఆ నవ్వులో ఒకరి తప్పు ఒకరు దిద్దడం మాత్రం మానకండి. మీలో కొందరు రేపు పాఠశాలల్లో ఉపాధ్యాయులవుతారు, ఇంకొందరు షెడ్డుల్లో మేస్త్రీలవుతారు, అందరూ ఏదో ఒకనాడు ఎవరో ఒక పిల్లవానికి పెద్దవారవుతారు. ఆనాడు మిమ్మల్ని నమ్మి వచ్చినవాడికి మీ చేతి దిద్దుబాటు దొరకాలి, నేర్చుకోవడం పూర్తి అయిన తరువాత మీ దీవెనతో సెలవు దొరకాలి. ఈ రెండింటినీ అలవాటు చేసుకోవడానికి తోటి విద్యార్థుల మధ్య ఆడే ఈ ఆటకంటె మంచి చోటు వేరే లేదు.