పది లక్షల్లో 425: లెక్కపెడితే ఎన్ని?

గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ ఎంత ఉందని అడిగితే, సుమారు 425 పి.పి.యం. అని శాస్త్రజ్ఞులు చెబుతారు. పి.పి.యం. అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని అర్థం. నీటి ఆవిరిని మినహాయించి, పొడి గాలిలో పది లక్షల అణువులను తీసుకుంటే, వాటిలో 425 మాత్రమే కార్బన్ డై ఆక్సైడ్ అణువులు. నూటికి 0.0425 వంతు! ఇంత కొద్ది వాయువు భూమిని వేడెక్కించగలదా అని మీకు సందేహం రావచ్చు. ఆ సందేహాన్ని లెక్క వేసి తీర్చుకుందాం. బడిలో నేర్చుకున్న పాఠాలే ఇందుకు చాలు.

లీటరు గాలిలో ఎన్ని అణువులు?

ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని అవొగాడ్రో 1811లో చెప్పాడు. కాబట్టి అది ఏ వాయువు అని చూడనక్కరలేదు. ఒక మోల్ వాయువులో 6.022 × 10²³ అణువులుంటాయి. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, సాధారణ వాతావరణ పీడనంలో ఆ మోల్ ఆక్రమించే చోటు సుమారు 24.5 లీటర్లు. అయితే ఒక లీటరులో:

6.022 × 10²³ ÷ 24.5 = 2.46 × 10²² అణువులు.

ఇందులో పది లక్షలకు 425 చొప్పున:

2.46 × 10²² × 425 ÷ 10⁶ = 1.05 × 10¹⁹ అణువులు.

అంటే ఒక్క లీటరు గాలిలోనే లక్ష కోట్ల కోట్లకు పైగా కార్బన్ డై ఆక్సైడ్ అణువులున్నాయన్నమాట!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ 425 అణువుల లెక్కే గాని బరువు లెక్క కాదు. కార్బన్ డై ఆక్సైడ్ అణుభారం 44. గాలి సగటు అణుభారం 29. కాబట్టి పది లక్షల గ్రాముల గాలిలో ఈ వాయువు 425 × 44 ÷ 29, అంటే సుమారు 645 గ్రాములుంటుంది.

కొండమీద ఏమవుతుంది?

హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతంమీద, సుమారు 3,400 మీటర్ల ఎత్తున, చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో ఈ వాయువును కొలవడం ప్రారంభించాడు. అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది. లీటరులో అణువులు తగ్గుతాయి. కాని అన్ని వాయువులూ ఒకే పాళ్లలో తగ్గుతాయి గనుక పి.పి.యం. మారదు. వేర్వేరు చోట్ల తీసిన కొలతలను పోల్చడానికి పి.పి.యం. అనువుగా ఉండేది ఇందుకే. అక్కడి వార్షిక సగటు 1959లో సుమారు 316. 2024లో సుమారు 425.

గోరంత చోటు మీద

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. భూమి నుంచి పైకి వెళ్లే వేడి కిరణం దాటవలసింది ఒక లీటరు గాలిని కాదు, వాతావరణాన్నంతటినీ. సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరస స్తంభానికి సమానం. పాదరసం సాంద్రత 13.6. కాబట్టి ఒక చదరపు సెంటీమీటరు మీద, అంటే మీ వేలి గోరంత చోటు మీద, నిలిచి ఉన్న గాలి:

76 × 13.6 = సుమారు 1,034 గ్రాములు.

దీన్ని 29తో భాగిస్తే 35.65 మోల్‌లు. అణువుల్లో చెబితే 2.15 × 10²⁵. వాటిలో కార్బన్ డై ఆక్సైడ్ అణువులు 9.1 × 10²¹. అంటే తొమ్మిది కోటి కోటి కోట్లకు పైనే! 1959 నుంచి పెరిగిన 109 పి.పి.యం.కు విడిగా లెక్క కడితే, అదే గోరంత చోటు మీద కొత్తగా వచ్చి చేరినవే రెండు కోటి కోటి కోట్లకు మించాయి.

మరి మిగతా గాలి మాటేమిటి? పొడి గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ కలిసి నూటికి 99.96 పాళ్లు. భూమి వెలువరించే పరారుణ కిరణాలను ఇవి దాదాపుగా అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం ఆ కిరణాలను పీల్చుకుంటాయని జాన్ టిండాల్ 1859లో ప్రయోగాలు మొదలుపెట్టి నిరూపించాడు. పీల్చుకున్న వేడిని అవి అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. అందులో కొంత తిరిగి నేలకు చేరుతుంది.

పది లీటర్ల బకెట్టు నీటికి 425 పి.పి.యం. అంటే 4.25 మిల్లీలీటర్లు, చెంచాకు కొంచెం తక్కువ. అంత నీలిమందు ద్రావణం పోసి చూడండి. నీరంతా నీలంగా మారుతుంది. రంగు తెచ్చింది బకెట్టెడు నీరు కాదు, ఆ చెంచాడు నీలిమందే. కనుక ఒక పదార్థం ఎంత పాలు ఉన్నదని మాత్రమే చూస్తే చాలదు. అది మొత్తం ఎంత ఉన్నదో, ఏం పని చేస్తుందో కూడా చూడాలి.

మీరు చేయండి: గాలిలో మీథేన్ సుమారు 1.9 పి.పి.యం. 25 డిగ్రీల వద్ద, సాధారణ పీడనంలో ఒక లీటరు గాలిలో ఎన్ని మీథేన్ అణువులుంటాయి?

(జవాబు: సుమారు 4.7 × 10¹⁶)